ఈననిది, ఈనినది: పాఠాలలో జారిపోయిన తేడా

జంతువుల పేర్లు నేర్పే పాఠాలలో సాధారణంగా ఒక పట్టిక కనిపిస్తుంది: ఆవు – దూడ, బర్రె – దుడ్డె, మేక – పిల్ల. పట్టిక చూడటానికి చక్కగానే ఉంటుంది. కాని జీవశాస్త్ర దృష్టితో పరీక్షిస్తే ఒక లోపం బయటపడుతుంది. దూడ ఒక్కసారిగా ఆవు కాదు. ఎదిగి, ఇంకా ఈనని పశువుకు ఈ రెండు గడులలో దేనిలోనూ చోటు లేదు.

2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో, కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు రైతు ఈ పొరపాటు చేయడు. ఆవుకు పుట్టిన ఆడదూడ పెయ్య. ఎదిగినా ఇంకా ఈనని బర్రె పడ్డ. గర్భం నిలిస్తే చూడిది. ఈనిన తరువాతనే అది బర్రె. అక్కడినుంచి వయస్సును సంవత్సరాలతో కాక ఈతలతో లెక్కిస్తారు. పాలు మానితే వట్టిపోయిందంటారు. బేరమాడేవాడు ఎన్నో ఈత అని అడగక ధర చెప్పడు.

ఈ పేర్లు ఊరక పుట్టినవి కావు. ఆవు సుమారు 280 రోజులు, బర్రె సుమారు 310 రోజులు చూడితో ఉంటాయి. ఆ కాలంలోనే పొదుగులోని క్షీరగ్రంథులు పూర్తిగా వృద్ధి చెందుతాయి. ఈనే సమయానికి రక్తంలో ప్రొజెస్టిరోను తగ్గిపోతుంది. అప్పుడు ప్రొలాక్టిను ప్రభావంవల్ల పాలు ధారాళంగా తయారవుతాయి. కనుక పడ్డకూ బర్రెకూ మధ్య ఉన్న హద్దు శరీరధర్మంలోనే ఉన్నది.

ఈ హద్దును ఇతరులూ గుర్తించారు. అమరకోశం కొత్తగా ఈనిన ఆవును ధేనువు అని వేరుచేసింది. ఇంగ్లీషులో ఈనని ఆవును హెఫర్ అంటారు. మన దేశపు పశుగణన పత్రాలలోనూ పాలిచ్చేవి, వట్టిపోయినవి, ఒక్కసారీ ఈననివి అని వేరువేరు గడులుంటాయి. లెక్కలు రాసేవారికి అవసరమైన తేడా విద్యార్థికి అనవసరమనడం సరికాదు.

అయితే ఊరి పదాలన్నీ యథాతథంగా శాస్త్రానికి సరిపోతాయనీ చెప్పలేము. పెయ్య అనే మాట నిన్న పుట్టిన దూడకూ, రేపో మాపో చూడి కట్టబోయేదానికీ వర్తిస్తుంది. పడ్డ అర్థం కూడా ప్రాంతాన్నిబట్టి మారుతుంది. కొన్నిచోట్ల ఈనని ఆవునూ పడ్డ అంటారు. అందుకని ఈ పదాలను తొలగించవలసిన పనిలేదు, నిర్వచించుకోవాలి. ‘ఈనని పెయ్య’, ‘తొలి ఈత ఆవు’ వంటి జంటపదాలు అనుమానానికి తావివ్వవు. వ్యవసాయ పదాలను ప్రాంతాలవారీగా సేకరించి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశం ఇటువంటి పనికి దారి చూపింది.

‘ఈను’ అనే క్రియను గమనించండి. బర్రె ఈనుతుంది, వరి కూడా ఈనుతుంది. వరి వెన్ను తీసే దశను వ్యవసాయ శాస్త్రజ్ఞులు నేటికీ ఈనిక దశ అనే రాస్తున్నారు. పైరు విషయంలో శాస్త్రానికి పనికివచ్చిన మాట పశువు విషయంలో పనికిరాకపోదు. పట్టికలో మరొక గడి చేర్చి, దానిని పూరించే పని పాడి ఉన్న ఇంటినుంచి వచ్చిన విద్యార్థికి అప్పగిస్తే, ఆనాటి పాఠంలో ఉపాధ్యాయునికీ తెలియని మాట ఒకటి దొరకవచ్చు.