బండి ఏ ఊరిది?

విజయవాడ ఆటోనగర్‌లో నేను బండి రిపేరుకు ఇచ్చే భాయ్ డీజిల్ పని తప్ప ఇంకోటి ముట్టుకోడు. కొత్తగా ఏ బండి వచ్చినా ముందు ఒక మాట అడుగుతాడు: "బండి ఏ ఊరిది సార్?" మొదటిసారి వెళ్లినప్పుడు నేను మా ఊరి పేరు చెప్పాను. "మీ ఊరు కాదు సార్, బండిది. ఆర్సీలో ఫస్టు రిజిస్ట్రేషను ఎక్కడుంది?" అన్నాడు. హైదరాబాదు, 2013 అన్నాను. "సిటీ బండి. బీఎస్ ఫోరు" అని తనలో తను అనుకున్నట్టు అని బానెట్ ఎత్తాడు.

నాది ఏపీ 09 నంబరు బొలెరో. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మా బావది ఏపీ 07, గుంటూరు రిజిస్ట్రేషను. అదీ 2013దే, అదీ తెల్లదే. ఒక సంక్రాంతికి చిలకలూరిపేట దగ్గర అక్కవాళ్లింటి ముందు రెండూ పక్కపక్కన పెడితే, నంబరు ప్లేటు చూస్తే గాని పిల్లలు ఏది ఎవరిదో చెప్పలేకపోయారు. ఇంజను రెంటికీ 2523 సీసీయే. బానెట్లు ఎత్తాక మాత్రం రెండూ వేరువేరు బండ్లు. బావ బండిలో ఇంజెక్టర్లకు డీజిల్ తోసేది మెకానికల్ పంపు. ఎంత పోయాలో, ఎప్పుడు పోయాలో ఆ పంపు కడుపులోని ఇనుప ముక్కలే తేలుస్తాయి. నా బండిలో నాలుగు ఇంజెక్టర్లకూ ఉమ్మడిగా ఒక ఉక్కు గొట్టం ఉంటుంది. కామన్ రైల్ అనేది దాన్నే. అందులో డీజిల్ ఎప్పుడూ గట్టి ఒత్తిడిలో సిద్ధంగా ఉంటుంది, ఏ ఇంజెక్టరు ఏ క్షణాన తెరుచుకోవాలో కంప్యూటర్ చెబుతుంది. డాష్‌బోర్డు మీద వెలిగే ఇంజను బొమ్మ లైటు, స్కానర్ పెట్టే సాకెట్ నా బండికి ఉన్నాయి. బావ బండికి లేవు.

ఒకే కంపెనీ, ఒకే ఏడు, ఒకే పేరు. తేడా అంతా కొన్నవాడి అడ్రసులో ఉంది.

దేశంలో పొగ నిబంధనలు అలాగే నడిచాయి. 2005 ఏప్రిల్‌లో హైదరాబాదు లాంటి పెద్ద నగరాలకు భారత్ స్టేజ్ (బీఎస్) 3 వస్తే, మిగతా దేశానికి అప్పుడే స్టేజ్ 2 వచ్చింది. 2010లో నగరాలు స్టేజ్ 4కి వెళ్లాయి, జిల్లాలు స్టేజ్ 3 దగ్గరికి చేరాయి. ఈ అడుగు తేడా దేశమంతటా చెరిగిపోయింది 2017 ఏప్రిల్ 1న. అంటే పన్నెండేళ్ల పాటు హైదరాబాదులో అమ్మకూడని బండిని ఒంగోలులో, కర్నూలులో, కరీంనగర్‌లో చట్టప్రకారం కొత్త బండిగా అమ్మారు. స్టేజ్ 3 నుంచి 4కి వచ్చేసరికి డీజిల్ కార్ల నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితిని సగానికి దించారు. ఆ సగం జిల్లా జనానికి ఏడేళ్లు ఆలస్యంగా అందింది.

దీనికి కారణం డీజిల్. డీజిల్‌లో గంధకం ఉంటుంది. స్టేజ్ 3 డీజిల్‌లో పది లక్షల పాళ్లకు 350 పాళ్ల దాకా ఉండొచ్చు, స్టేజ్ 4లో 50కి మించకూడదు. గంధకాన్ని అంత కిందికి దించాలంటే రిఫైనరీల్లో కొత్త యూనిట్లు కట్టాలి, డబ్బు కావాలి, ఏళ్లు పడతాయి. అందుకని ముందు తయారైన మంచి డీజిల్‌ని గాలి బాగా చెడిన నగరాలకు పంపారు. మొదలుపెట్టడానికి అది సబబైన పద్ధతేనని ఒప్పుకుంటాను. పన్నెండేళ్లు సాగదీయడం మాత్రం తప్పు. మిర్చి సీజన్‌లో గుంటూరు యార్డు ముందు బండ్ల వరస ఎలా ఉంటుందో చూసినవాళ్లకు, ఆ పొగలో నిలబడి టిక్కీలు మోసే కూలీలను చూసినవాళ్లకు, నగరం గాలికే ముందు మందు వేయాలన్న లెక్క మింగుడుపడదు.

బండికి హద్దులు తెలియవు కదా, నగరం బండ్లు కూడా ఊళ్లకు వచ్చేవి. పెళ్లికో చావుకో హైదరాబాదు నుంచి దిగిన స్టేజ్ 4 బండి దారిలో ఏ బంకులో ఆగినా దానికి దొరికేది ఎక్కువగా 350 పాళ్ల డీజిలే. ఆ గంధకం కాలి, పొగగొట్టంలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టరు పూత మీద పేరుకుంటుంది, దాని పని మందగిస్తుంది. ఇటువైపు, పల్లె అడ్రసు మీద స్టేజ్ 3 బండిని కాస్త తక్కువకు కొని రోజూ సిటీలోనే తిప్పినవాళ్లు నాకు తెలుసు. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఏప్రిల్ 1 నుంచి స్టేజ్ 3 బండ్ల అమ్మకం ఆపేయమన్నప్పుడు దేశంలో 8 లక్షలకు పైగా బండ్లు అమ్ముడుపోకుండా ఉన్నాయి. వాటిలో ఎక్కువ టూవీలర్లే. మిగిలిన రెండు రోజుల్లో షోరూముల ముందు జనం ఎలా ఎగబడ్డారో అందరికీ గుర్తుండే ఉంటుంది.

ఇక నా బండి సంగతి. కొన్న రోజు నుంచే ఇంజను లైటు వెలుగుతూ ఉంది. "సెన్సరు సార్, పట్టించుకోకండి" అన్నాడు అమ్మినతను. నేనూ పట్టించుకోలేదు, అది నా తప్పే. ఏడాది తర్వాత భాయ్ దగ్గరికి తీసుకెళ్తే స్కానర్ పెట్టి చూసి, ఈజీఆర్‌లో ఫ్లో లేదని చెప్పి, బోల్టులు ఊడదీశాడు. వాల్వుకీ గొట్టానికీ మధ్య నుంచి స్క్రూడ్రైవర్ మొనతో ఒక రేకు పైకి లేపాడు. ఆయిల్ డబ్బాను కత్తెరతో కత్తిరించిన ముక్క. ఒకవైపు ఇంకా ఆకుపచ్చ రంగు, సగం అక్షరం కనిపిస్తున్నాయి. ఇంకోవైపు నల్లగా, గుండ్రంగా, వాల్వు నోరు అచ్చు పడి ఉంది. "ఎవరో మూసేశారు సార్. ఎప్పుడో మూసేశారు" అన్నాడు.

ఈజీఆర్ చేసే పని చెప్పడం తేలికే. ఇంజను వదిలిన పొగలో కొంత తిరిగి ఇంజనులోకే పంపుతుంది. ఆ పొగలో ఆక్సిజన్ తక్కువ, అందుకని లోపల మంట మరీ వేడెక్కదు. మంట మరీ వేడెక్కితేనే గాలిలోని నైట్రోజన్ ఆక్సిజన్‌తో కలిసి విషమవుతుంది. అంటే మంటను అదుపులో పెట్టి ఆ విషం పుట్టకుండా చూస్తుంది ఈజీఆర్. ఇందులో చిక్కు ఏమిటంటే, తిరిగొచ్చే పొగలో మసి ఉంటుంది, ఇంజను ఆయిల్ ఆవిరి దానికి తోడై జిగురు కడుతుంది. లక్ష కిలోమీటర్లు తిరిగిన బండిలో ఆ దారి మా అమ్మమ్మ కట్టెల పొయ్యి మీది నీళ్ల కాగు అడుగులా ఉంటుంది. గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. వాల్వు ఆ మసిలో ఇరుక్కుంటే పికప్ తగ్గుతుంది, బండి దగ్గుతుంది. అప్పుడు మెకానిక్ ముందు రెండు దారులు. ఒకటి, ఒక పూటంతా కూర్చుని కడగడం. రెండోది పది నిమిషాల రేకు ముక్క. రేకు పెట్టాక పికప్ వస్తుంది, యజమాని సంతోషంగా వెళ్తాడు.

పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర దొరకదా అని అడిగాను. అసలు బాధ అక్కడే ఉంది. బంకు పక్కన వ్యానులో డీజిల్ బండికి చేసే పరీక్ష పొగ ఎంత నల్లగా ఉందో కొలుస్తుంది. కాంతి పొగ గుండా ఎంత దూరగలిగిందన్నదే దాని లెక్క. స్టేజ్ 3, అంతకు ముందటి బండ్లకు 65 యూనిట్లు, స్టేజ్ 4 బండ్లకు 50 యూనిట్లు పరిమితి. నైట్రోజన్ ఆక్సైడ్లను ఆ మిషన్ కొలవదు. ఈజీఆర్ మూసేస్తే ఇంజనుకు ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది, మసి తగ్గుతుంది, పొగ తేటపడుతుంది. కంటికి కనిపించని విషం మాత్రం పెరుగుతుంది. రేకు పెట్టిన బండి పరీక్షలో ఇంకా తేలిగ్గా పాసవుతుంది. ఏడాది పాటు నేను జేబులో పెట్టుకు తిరిగిన సర్టిఫికెట్ అలాంటిదే.

మా అన్న కొడుకు కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉంటాడు. ఫోన్లో ఈ సంగతి చెబితే వాడు వెంటనే, "ఇక్కడైతే ఫెయిల్ చేసేస్తారు బాబాయ్" అన్నాడు. అమెరికాలో కాలిఫోర్నియాకు మొదటి నుంచీ వేరే పొగ నిబంధనలు. 2000 నాటి జీప్ చెరోకీనే తీసుకుంటే, కాలిఫోర్నియా కోసం చేసిన దానికి నాలుగు ఆక్సిజన్ సెన్సర్లు ఉంటే మామూలు రకానికి రెండే ఉండేవి. ఏది ఏ రకమో బానెట్ కింద లేబుల్ మీద రాసి ఉంటుంది. అక్కడి స్మాగ్ చెక్‌లో ఆ లేబుల్ చూసి, ఉండాల్సిన పరికరాలన్నీ ఉన్నాయో లేదో కంటితో చూస్తారు. పొగ శుభ్రంగా వచ్చినా ఒక పరికరం పీకేసి ఉంటే బండి పాసవదు. భాయ్ ఆర్సీ అడిగి చేసే పని, అక్కడ చట్టం లేబుల్ చూసి చేస్తుందన్నమాట. మన మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను కూడా కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదనే చెబుతుంది. పరీక్ష చేసేవాడు బానెట్ ఎత్తడు, అంతే. ఎత్తించాలి. మిషన్లు కొనక్కర్లేదు, పరికరాల జాబితా ఒక కాగితం మీద ఉంటే చాలు.

ఢిల్లీ బండ్లు ఇటు రావడం మొదలయ్యాక ఇది ఇంకా అవసరమైంది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు అదే నిలబెట్టింది. అప్పటినుంచి ఎన్‌వోసీ తీసుకుని ఫార్చ్యూనర్లు, ఇన్నోవాలు దక్షిణాదికి దిగుతున్నాయి. ధర చూసి కొనేవాళ్లను తప్పుపట్టను. కొనేముందు ఈజీఆర్ గొట్టం విప్పించి చూసుకోమని మాత్రం చెబుతాను.

భాయ్ ఆ రోజు రేకు తీసి పక్కన పెట్టాడు. వాల్వును డీజిల్‌లో నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో, తర్వాత ఇత్తడి బ్రష్‌తో మసి తీశాడు. లోపలి పలక కదిలే చోట వేలు పెట్టి నొక్కి, వదిలి, మళ్లీ నొక్కి చూశాడు. అది చిన్నగా టక్కుమని మూసుకున్నప్పుడు తల ఊపాడు. కొత్త గాస్కెట్ వేసి బిగించి, స్కానర్‌తో పాత కోడ్ చెరిపేశాడు. లైటు ఆరిపోయింది. అప్పటికి అతని మధ్యాహ్నం భోజనం టైము దాటి రెండు గంటలైంది. రేకు పెట్టేవాళ్లు తీసుకునే దానికంటే ఎక్కువ అడగలేదు. నేనే ఇచ్చాను.

పోయిన నెల బావ వచ్చినప్పుడు వెంటబెట్టుకు వెళ్లాను. ఇప్పుడు దేశమంతా గంధకం 10 పాళ్లకు దిగిన డీజిలే వస్తోంది, 2020 నుంచి ఊళ్లో బంకులోనూ అదే. బావ అది ఎక్కడో చదివాడు. "డీజిల్ మంచిదే వస్తోందిగా భాయ్, మా బావమరిది బండికున్న సామాను నా బండికీ బిగించెయ్. ఎంతవుతుందో చెప్పు" అన్నాడు.

భాయ్ ఏపీ 07 నంబరు వంక చూశాడు. బానెట్ ఎత్తి, పంపు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు.

"దీనికి రైలు లేదు, కంప్యూటర్ లేదు, వైరింగ్ లేదు. బిగించడానికి చోటే లేదన్నా. ఇంజను మార్చాలి" అన్నాడు.

బావ ఇంకేం అడగలేదు. ఆయిల్ మార్పించుకుని, ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేయించుకుని, పొద్దు గుంకకముందే చిలకలూరిపేట దారి పట్టాడు.