మంద కట్టే విద్య

యాసంగి కోతలు ముగిసి చేలు ఖాళీ అయ్యాక, తొలకరి దుక్కికి ముందు, గొల్ల కురుమలు రైతుల పొలాల్లో గొర్రెల మంద కడతారు. పగలంతా మోళ్లు, రాలిన ఆకు మేసిన జీవాలు రాత్రి చేలోనే పడుకుంటాయి. పెంటికలు, మూత్రం నేరుగా నేలకు చేరతాయి. బండి కట్టి ఎరువు తోలే పనే ఉండదు. ఇందుకు రైతు ధాన్యమో డబ్బో ముట్టజెబుతాడు.

సులువుగా కనిపించే ఈ పనిలో నేర్పంతా చోటు మార్చడంలోనే ఉంది. మంద ఒకేచోట ఎక్కువ రాత్రులు పడుకుంటే అక్కడ ఎరువు మించిపోయి, పక్క నేల వట్టిగా మిగులుతుంది. కాపరి వల కట్టిన గుంజలు పీకి, ముందటి రాత్రి పెంటికలు ఆగిన అంచునే మళ్లీ పాతుతాడు. ఏ కొలబద్దా లేకుండా చేనంతా సమంగా పండించే ఈ అంచనా నిజంగా మెచ్చదగ్గది. మంద లేచిన చేను వెంటనే దున్నితే మేలు. ఎండకు వదిలేస్తే మూత్రంలోని నత్రజని కొంత గాలిలో కలిసిపోతుంది.

అసలు జాగ్రత్త తొలకరితో మొదలవుతుంది. కొత్త లేతగడ్డి ఆబగా మేసిన గొర్రెకు చిటుకు రోగం వస్తుంది. బలిసిన జీవమే ముందు పడిపోతుంది, వైద్యానికి వ్యవధి దొరకదు. అందుకే వానలకు ముందే టీకా వేయించి, నట్టల మందు తాగించాలి. బెట్టకు వాడిన లేత జొన్న మరీ ప్రమాదం: అందులోని నాము, అంటే సైనైడు విషం, నిమిషాల్లోనే ప్రాణం తీయగలదు. అనుభవమున్న కాపరి ఆ చేని గట్టు దాపుకైనా మందను పోనివ్వడు. ఒకవేళ మేసిందంటే, పశువైద్యుడు సోడియం థయోసల్ఫేట్ సూది వెంటనే వేస్తేనే జీవం దక్కే అవకాశం.