ఎవరు చూసుకుంటారు?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్పటినుంచీ పాత కంప్యూటర్లు పట్టుకుని మా ఇంటికొచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ మెషీన్లకు పెద్ద లోపమేమీ ఉండదు. బ్యాటరీ గంటసేపు నిలవదు, కీబోర్డు మీద రెండు మూడు అక్షరాలు అరిగిపోయుంటాయి, అంతే. విండోస్ 11 ఎక్కాలంటే మాత్రం టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ ఫలానా తరం తర్వాతిదై ఉండాలి. పిల్లల చదువుల కోసమని అప్పుచేసి కొన్న ల్యాప్‌టాప్‌ను, అది నిక్షేపంగా పనిచేస్తుండగానే పాత సామాన్లవాడికి వెయ్యడం నాకు మనస్కరించదు. అందుకే వాటిలో డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం ఎక్కించి ఇస్తుంటాను.

మా వీధిలో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు తన ల్యాప్‌టాప్ తెచ్చినప్పుడు, పక్కన కుర్చీ వేసుకుని పని మొత్తం చూశారు. అయిపోయాక అడిగారు.

“కంపెనీ లేదంటావు, డబ్బు కట్టక్కర్లేదంటావు. రేపు ఏదన్నా తేడా చేస్తే ఎవరు చూసుకుంటారోయ్?”

“చూసుకునేవాళ్లున్నారు మాస్టారూ. ఒకరిద్దరు కాదు, చాలామంది.”

“ఉంటే మంచిదే. కానీ వాళ్లకేం పట్టింది?”

ఈ మాటకు కాఫీ తాగే వ్యవధిలో జవాబు చెప్పలేం. అందుకే ఈ వారం ఇక్కడ రాస్తున్నాను.

1993 ఆగస్టు 16న అమెరికాలోని పర్‌డ్యూ యూనివర్సిటీ విద్యార్థి ఇయాన్ మర్డాక్ డెబియన్ ప్రకటన చేశాడు. ఆపరేటింగ్ సిస్టంకు గుండెలాంటి లినక్స్ కెర్నెల్ పుట్టి అప్పటికి రెండేళ్లే. కెర్నెల్ ఒక్కటే ఉంటే కంప్యూటర్ ఎవరికీ పనికిరాదు. దాని చుట్టూ గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు పనిముట్లు, ఎడిటర్లు, ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు అన్నీ ఒకదానితో ఒకటి పొసగేలా కూర్చాలి. అలా కూర్చి ఇచ్చేవాటిలో అప్పట్లో బాగా వాడుకలో ఉన్నది ఎస్ఎల్ఎస్. దాన్ని తప్పులతో వదిలేశారన్నది మర్డాక్ బాధ. కొత్త ప్రోగ్రాం రాస్తే పేరొస్తుంది. ఎవరో రాసినదాన్ని ఏళ్ల తరబడి సరిచేస్తూ కూర్చుంటే రాదు. ఈ రెండో పనికి మనుషులు కావాలని అతను పిలిచాడు. వచ్చారు. 2015 డిసెంబరులో అతను చనిపోయాడు. 2017లో వచ్చిన డెబియన్ 9ని అతనికి అంకితం చేశారు.

చెరువు తవ్వించిన దాత పేరు శాసనంలో ఉంటుంది, ఏటా తూము దగ్గర కాపలా కాసి నీళ్లు వదిలే నీరటికాడి పేరు ఎక్కడా ఉండదు. డెబియన్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది, అక్కడ నీరటికాడి పేరు కూడా రాసిపెట్టడం. మొత్తం వ్యవస్థను ప్యాకేజీలుగా విడగొడతారు. ఒక్కో ప్యాకేజీకి బాధ్యత తీసుకున్న మనిషో, చిన్న బృందమో ఉంటుంది. వాళ్లను మెయింటైనర్లంటారు. 2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13లో ఇలాంటి ప్యాకేజీలు 70 వేలకు దగ్గరగా ఉన్నాయి.

మెయింటైనర్ చేసే పనేమిటో మన మెషీన్‌లోనే చూడొచ్చు. యూఎస్ఆర్, అందులో షేర్, అందులో డాక్ అనే ఫోల్డర్ తెరిస్తే ప్రతి ప్యాకేజీకీ ఒక చిన్న ఫోల్డర్ కనిపిస్తుంది. దానిలో కాపీరైట్ అనే ఫైలు ఉంటుంది. ఆ ప్యాకేజీలోని కోడ్‌లో ఏ భాగం ఎవరు రాశారు, ఏ లైసెన్సుతో ఇచ్చారు అన్నది అందులో రాసుంటుంది. కొత్త ప్యాకేజీ డెబియన్‌లోకి రావాలంటే ఈ ఫైలును వేరే బృందం పరిశీలించి ఒప్పుకోవాలి. చాలామంది ప్యాకేజీలు వెనక్కొచ్చేది ఇక్కడే. దాని పక్కనే చేంజ్‌లాగ్ ఉంటుంది. ఏ తేదీన ఏం మార్చారు, ఏ నంబరు బగ్ మూసేశారు, ఆ మార్పు చేసినవారి పేరేమిటి అన్నీ వరసగా ఉంటాయి. పోతన, వేమన అనే తెలుగు ఫాంట్లు కూడా డెబియన్‌లో ప్యాకేజీగా వస్తాయి; వాటికీ ఇవన్నీ ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఇంత వివరంగా తన జాతకం తనతోనే తెచ్చుకోవడం చాలా కొద్దిచోట్లే చూస్తాం.

మెయింటైనర్ సిద్ధం చేసిన కొత్త వెర్షన్ ముందుగా అన్‌స్టేబుల్ అనే విభాగంలో చేరుతుంది. దానికి సిడ్ అని పేరు. మామూలుగా అయిదు రోజుల పాటు పెద్ద బగ్‌లేవీ బయటపడకపోతే టెస్టింగ్‌లోకి వెళ్తుంది. రెండేళ్లకోసారి టెస్టింగ్‌కు తలుపులు మూసి, మిగిలిన బగ్‌లు ఏరి, స్టేబుల్‌గా విడుదల చేస్తారు. ఇక ఆ తర్వాత స్టేబుల్‌లో దాదాపుగా కొత్త హంగులేవీ చేరవు. భద్రతా లోపం బయటపడితే, ఆ దిద్దుబాటును మాత్రమే పాత వెర్షన్‌కు సరిపడేలా మళ్లీ రాసి చేరుస్తారు. కొత్త వెర్షన్ దించేస్తే అయిదు నిమిషాల్లో తేలిపోయే పని ఇది. పాతదాన్ని కదపకుండా లోపం ఒక్కటే తీసెయ్యాలంటే ఓపికతో పాటు కోడ్ మీద పట్టు కూడా కావాలి.

డెబియన్‌లో అన్నీ పాతవేనని కుర్రాళ్లు విసుక్కుంటారు. నేను వాళ్లతో ఒప్పుకోను. మాస్టారికి నిరుడు ప్రింట్ బటన్ ఎక్కడుందో ఈ ఏడూ అక్కడే ఉండాలి. జీరాక్స్ షాపువాడికి, కరెంటు ఆఫీసు గుమస్తాకు, డీటీపీ చేసుకునే ఆమెకు కూడా కావలసింది అదే.

అన్‌స్టేబుల్, టెస్టింగ్, స్టేబుల్ అనే ఈ దశలు ఎందుకో 2024 మార్చిలో లోకమంతా చూసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ డెబియన్ సిడ్ మీద పరీక్షలు చేసుకుంటుంటే, దూరం నుంచి కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు ఎప్పటికన్నా అరసెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. ఇంకొకరైతే వదిలేసేవారు. అతను కారణం వెతుక్కుంటూ పోతే, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలో దాచిన దొంగదారి బయటపడింది. జియా టాన్ అన్న పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా ఆ ప్రాజెక్టులో బుద్ధిగా సాయం చేసి, నమ్మకం సంపాదించి, చివరికి దాన్ని చొప్పించారు. అప్పటిదాకా ఆ లైబ్రరీని మోసింది దాదాపుగా ఒకే మనిషి, అదీ తీరిక వేళల్లో. మార్చి 29న ఫ్రాయిండ్ విషయం బయటపెట్టేనాటికి ఆ కోడ్ అన్‌స్టేబుల్‌లోకీ టెస్టింగ్‌లోకీ వచ్చేసింది. స్టేబుల్‌లోకి మాత్రం రాలేదు. నెమ్మదితనమే కాపాడింది. ఒంటరిగా మోసే మనిషి అలసిపోతే ఏమవుతుందో కూడా ఆ సంఘటనలోనే ఉంది, దాన్ని మరిచిపోకూడదు.

డెబియన్ సొంత చేతులతో చేసుకున్న పొరపాటు ఇంకా పాతది. 2006లో, రహస్య తాళాలు తయారుచేసే ఓపెన్ఎస్ఎస్ఎల్ ప్యాకేజీలో ఒక పరీక్షా పరికరం హెచ్చరిక చేస్తోందని కొన్ని వరసలు తీసేశారు. రహస్య తాళాలకు కావలసిన అనిశ్చితిని తెచ్చిపెట్టేవి ఆ వరసలే. అవి పోయాక, ఒక్కో రకం తాళానికి సాధ్యమయ్యేవి 32 వేల పైచిలుకే మిగిలాయి. కంప్యూటర్‌కు వాటన్నిటినీ ప్రయత్నించి చూడటం ఎంతసేపు? లూచియానో బెల్లో అనే డెబియన్ డెవలపర్ దీన్ని కనిపెట్టాడు. 2008 మే 13న డెబియన్ తప్పు తనదేనని బాహాటంగా ప్రకటించి, బలహీనమైన తాళాలను గుర్తుపట్టే ప్రోగ్రాం కూడా ఇచ్చింది. ప్రపంచమంతా సర్వర్ల తాళాలు మార్చుకోవలసి వచ్చింది. నేను డెబియన్‌ను నమ్మడానికి ఆ ప్రకటన తీరు ఒక పెద్ద కారణం. ఏ వరస తీశారు, ఎందుకు తీశారు, ఎలా దిద్దారు అన్నది ఈనాటికీ ఎవరైనా చదువుకోవచ్చు.

ఇక ఎక్కించే పని. డెబియన్ ఇమేజ్ ఫైలు దించుకున్నాక, అది చెడకుండా వచ్చిందో లేదో తెలిపే చెక్‌సమ్ సరిపోల్చుకుని పెన్‌డ్రైవ్‌లోకి రాస్తాను. ఇన్‌స్టాలర్‌లో భాషల జాబితాలో తెలుగు ఉంటుంది. గ్రాఫికల్ ఇన్‌స్టాలర్ తెరిస్తే ఒత్తులూ గుణింతాలూ సరిగ్గానే కనిపిస్తాయి. డిస్కు మీదున్నదంతా పోతుంది, సరేనా అని అడిగే తెర దగ్గర, మెషీన్ ఎవరిదో వాళ్లనే పిలిచి నొక్కిస్తాను. ఫొటోలన్నీ వేరేచోట దాచుకున్నారని నాకు తెలిసినా సరే. తర్వాత ఒక ప్రశ్న వస్తుంది. మీరు ఏయే ప్యాకేజీలు ఎక్కువగా వాడుతున్నారో పేరు లేకుండా మాకు పంపిస్తారా అని. ముందుగా ఎంచి పెట్టి ఉండే జవాబు ‘వద్దు’. అడగకుండానే అన్నీ పట్టుకుపోయే ఫోన్లకు అలవాటుపడిన ఇంటర్ కుర్రాడొకడు ఆ తెర చూసి, “నిజంగానే మనల్ని అడుగుతోందా అన్నా?” అన్నాడు.

వైఫై ఒకప్పుడు పెద్ద తలనొప్పి. చాలా వైఫై చిప్‌లకు తయారీదారు ఇచ్చే, చిప్ లోపల నడిచే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాం కావాలి, దానికి సోర్స్ కోడ్ ఉండదు. ఎవరైనా చదవగల, మార్చగల, పంచగల సాఫ్ట్‌వేరే ఇస్తామని 1997లో రాసుకున్న సామాజిక ఒప్పందానికి కట్టుబడి, డెబియన్ దాన్ని తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టేది కాదు. 2022లో డెవలపర్లు ఓటు వేసి, ఒప్పందంలో ఆ మేరకు మాట చేర్చి, ఫర్మ్‌వేర్‌ను లోపలికి తెచ్చారు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది అమల్లో ఉంది. సోర్స్ లేని కోడ్‌కు తలుపు తీయడం నాకూ కష్టంగానే తోచింది. కానీ వైఫై రాక మళ్లీ పాత విండోస్‌కే వెళ్లిపోయిన మనుషుల్ని కూడా చూశాను కనుక, ఆ ఓటు సరైనదేనంటాను.

చూసుకునేవాళ్లు లేకపోతే ఆగిపోయేవీ ఉన్నాయి. 32 బిట్ల పాత పీసీలకు డెబియన్ 13 నుంచి ఇన్‌స్టాలర్, కెర్నెల్ రావడం లేదు. అలాంటి పీసీ తెచ్చినవాళ్లకు డెబియన్ 12 వేసి, ఎన్నాళ్లు పనికొస్తుందో ముందే చెప్పి పంపుతున్నాను.

వాళ్లకేం పట్టిందని మాస్టారు అడిగినదానికి నాకు తెలిసిన జవాబు చాలా మామూలుది. ముందు ఎవరి అవసరం వాళ్లను తెస్తుంది; తనకు కావలసిన ప్రోగ్రాం డెబియన్‌లో లేదనో, ఉన్నది చెడిందనో వస్తారు. సరిచేస్తారు. వారం తిరక్కుండా ముక్కూమొహం తెలియనివాళ్లు అందులో ఇంకో లోపం చెబుతారు. అదీ సరిచేస్తారు. అలా ఏళ్లు గడుస్తాయి. కొందరికి వాళ్ల కంపెనీలు జీతమిచ్చి ఈ పని చేయిస్తాయి, చాలామంది రాత్రిళ్లు చేస్తారు. డెవలపర్‌గా చేరాలంటే తాను ఎవరో రుజువు చేసుకోవాలి. అందుకే ఎదురెదురుగా కలిసి, గుర్తింపు కార్డు చూసుకుని, ఒకరి డిజిటల్ తాళాన్ని ఒకరు ధ్రువీకరించే ఆనవాయితీ ఉంది. 2023 సెప్టెంబరులో వాళ్ల వార్షిక సమావేశం కొచ్చిలో జరిగింది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు డెబియన్ ఆధారంగా తెలుగులో ఆపరేటింగ్ సిస్టం తయారుచేశారు.

ఎక్కడ మొదలుపెట్టాలని ఇంజినీరింగ్ పిల్లలు అడిగితే నేను కోడ్ పేరెత్తను. మీ మెషీన్‌లో తెలుగు టైప్ చేస్తుంటే ఏ ప్రోగ్రాంలో ఒత్తు విడిపోతోంది, ఏ మెనూలో అనువాదం తప్పుగా ఉంది, అది చూడండి. ప్యాకేజీ వెర్షన్, ఫాంటు పేరు, ఏం నొక్కితే ఏం జరిగింది, ఇవన్నీ రాసి రిపోర్ట్‌బగ్ అనే ప్రోగ్రాంతో పంపండి. మీకొక నంబరు వస్తుంది. అనువాదం మీరే దిద్ది ఆ నంబరుకు జతచేస్తే, మెయింటైనర్ దాన్ని తీసుకున్న రోజున తెలుగు అనువాదం ఫలానావారిది అని చేంజ్‌లాగ్‌లో మీ పేరు రాస్తాడు.