చుక్క ఊదు

మూడేళ్ల కిందట దుబాయ్ నుంచి వచ్చినప్పుడు మా బావ నా చేతిలో చిటికెనవేలంత గాజు బుడ్డి పెట్టాడు. లోపల ముదురు తేనెరంగు నూనె, పావు తులం. అత్తర్లను ఇప్పటికీ బంగారంలాగే తులాల లెక్కన అమ్ముతారు. తులమంటే సుమారు 12 మిల్లీలీటర్లు, అంటే నాకు దక్కింది మూడు. “బామ్మర్దీ, ఇది సెంటు గాదు, గుప్పియ్యకు. చుక్కంటే చుక్కనే” అన్నాడు.

మూత తీశాను. ఆర్మూరు దగ్గర మా ఊళ్లోని గొడ్ల కొట్టం కళ్లముందు నిలబడింది. తడిసిన గడ్డి, పేడ, బర్రెల ఒంటి వేడి. ఇంత ఖరీదైన నూనెలో ఈ వాసనేమిటని ఆశ్చర్యపోయాను. కానీ మూత పెట్టబుద్ధి కాలేదు.

ఆ వాసన ఎక్కణ్నుంచి వస్తుందో తర్వాత తెలుసుకున్నాను. బుడ్డిలోది ఊద్ నూనె. ఆ ఊద్ ఇచ్చే అగరు చెట్టు మన అస్సాంలో పెరుగుతుంది. గోలాఘాట్, హోజాయ్ ప్రాంతాల్లో పోకచెట్ల పక్కన పెరటి చెట్టుగా కూడా పెంచుతారు. ఆరోగ్యంగా ఉన్న అగరు చెట్టును నరికితే తెల్లటి తేలిక కట్టె, వాసనే ఉండదు. పురుగు తొలిచో, దెబ్బ తగిలో లోపలికి బూజు చేరినప్పుడు, దాన్ని ఆపడానికి చెట్టు నల్లటి బంక ఊరుస్తుంది. ఆ బంక పట్టిన కట్టెకే విలువ. దాన్ని ముక్కలు చేసి, నీళ్లలో వారాల తరబడి నానబెట్టి, ఆ తర్వాత బట్టీ పెట్టి నూనె తీస్తారు. అన్ని రోజులు నానిన కట్టె పులుస్తుంది. నా బుడ్డిలోని కొట్టం ఆ పులుపు నుంచి వచ్చిందే. కంబోడియా ఊద్ తియ్యగా, పండులా ఉంటుంది. మొదటిసారి పూసుకునేవాళ్లకు చాలామంది దాన్నే ఇస్తారు. నాకు మాత్రం అస్సాందే కావాలి. పశువుల వాసన అనగానే ముఖం చిట్లించేవాళ్లు దాన్ని దోషమంటారు. తెల్లవారుజామున పాలు పిండే చప్పుడుకు నిద్రలేచిన వాళ్లకు అది దోషం ఎలా అవుతుంది?

ఈ కట్టె మనకు కొత్త కూడా కాదు. మన నోట్లో దానికి రెండు పేర్లున్నాయి. సంస్కృతం నుంచి వచ్చిన అగరు, అరబ్బీ నుంచి వచ్చిన ఊదు. రోజూ దేవుడి ముందు వెలిగించే పుల్లను కొందరు అగరుబత్తి అంటారు, కొందరు ఊదుబత్తి అంటారు. రెండూ ఆ ఒక్క కట్టె పేర్లే. ఇప్పటి మామూలు బత్తుల్లో ఉండేది వెదురుపుల్ల, బొగ్గుపొడి, జిగురుపొడి, పైన అద్దిన సెంటు. కట్టె వెళ్లిపోయింది, పేరు మిగిలింది. ఏడో శతాబ్దంలో కామరూప రాజు భాస్కరవర్మ హర్షుడికి పంపిన కానుకల్లో నల్ల అగరు నూనె ఉందని బాణుడు హర్షచరితంలో రాశాడు. అగరు బెరడు మీద రాసిన పుస్తకాలూ ఉన్నాయట. పుస్తకాలతో బతికేవాణ్ని కాబట్టి ఆ రెండో సంగతి నాకు మరీ ఇష్టం.

పూసుకోవడం మాత్రం హైదరాబాద్ పత్తర్‌గట్టిలో ఒక ముసలి అత్తరు వ్యాపారి దగ్గర నేర్చుకున్నాను. స్నానం చేశాక ఒళ్లు పూర్తిగా ఆరాలి. మూతకున్న గాజుపుల్లను మణికట్టుకు ఒక్కసారి తాకించి, రెండో మణికట్టును దానికి ఆనించాలి. రుద్దకూడదు. తెల్లచొక్కాకు తగిలితే మరక పోదు. చలికాలమైతే చిన్న దూదిపింజకు అద్ది చెవి మడతలో పెట్టుకోవచ్చు. మే నెల ఎండలో అసలు ముట్టకూడదు. ఒంటి వేడికి ఒక్కసారిగా ఎగసి మనిషిని చుట్టేస్తుంది.

మొదటి అరగంట కొట్టం. గంట దాటాక తోలు, పొగ. మధ్యాహ్నానికి బెల్లంపాకం లాంటి తీపి. సాయంత్రానికి ఎండిన కట్టె మాత్రమే, ముక్కు మణికట్టుకు ఆనిస్తే గాని తెలియనంత. కష్టమల్లా ఏమిటంటే, పూసుకున్నవాడి ముక్కు దానికి త్వరగా అలవాటు పడిపోతుంది. పోయిందేమో అనుకుని ఇంకో చుక్క వేస్తాం. మొదటి నెలలో నేను అదే చేశాను. ఒకరోజు ఆఫీసు లిఫ్టులో నా పక్కనున్న గర్భిణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తన అంతస్తు రాకముందే దిగిపోయింది. ఆ రోజంతా నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆనాటి నుంచి ఆసుపత్రికి, రైలుకు, ఇరుకుగదికి వెళ్లేటప్పుడు బుడ్డి జోలికి పోను.

బావ పనిచేసిన ఇంట్లో చుట్టాలు వెళ్లబోయే ముందు నిప్పుల మీద ఊద్ ముక్కలు వేసి ధూపపాత్రను అందరి ముందుకూ తెస్తారట. ఒక్కొక్కరూ బట్టల కిందికి ఆ పొగ పట్టుకుని సెలవు తీసుకుంటారట. బాలింతకు తలంటి, తడిజుట్టుకు సాంబ్రాణి పొగ వేసే మా నాయనమ్మ గుర్తొచ్చింది నాకు. పొగను ఒంటికి పట్టించడం అక్కడా ఇక్కడా ఒకరు ఇంకొకరికి చేసే సేవే.

పాశ్చాత్య కంపెనీలకు ఈ వాసన మీద మోజు పుట్టింది ఈమధ్యే. 2002లో ఈవ్ సాన్ లోరాన్ ‘ఎం7’ తెచ్చాక ప్రతి అంగడిలోనూ ఊద్ పేరు కనిపిస్తోంది. చాలా సీసాల్లో ఉండేది ప్రయోగశాలలో కూర్చిన వాసన. నాకు దాని మీద కోపం లేదు, చెట్టు మిగులుతుంది. అస్సాం అగరు వ్యాపారం మీద 1995 నుంచి అంతర్జాతీయ నియంత్రణ ఉన్నా, అడవుల్లో ఆ చెట్టు అంతరించే అంచుకు వచ్చింది. అందుకే ఈసారి తెచ్చేముందు పెంచిన చెట్టుదో అడవి చెట్టుదో అడిగి తెమ్మని బావకు చెప్పాను.

మొన్న దసరాకు ఊరెళ్లాను. స్నానం చేసి, చుక్క పూసుకుని అమ్మ మంచం మీద కూర్చున్నాను. ఆమెకు చూపు సరిగ్గా ఆనదు. నా చెయ్యి పట్టుకుని, “కొట్టంలకు పోయివచ్చినవా బిడ్డా?” అంది. బర్రెలను అమ్మి, కొట్టం కూలగొట్టి ఎనిమిదేళ్లయింది. అన్నాలు తిన్నాక మళ్లీ పిలిచి చెయ్యి అడిగింది. వాసన చూసి వదిలేసింది. “ఇది గాదు, పొద్దుగాల్ది గావాలె.”

లోపలికెళ్లి బుడ్డి తెచ్చి, ఆమె మణికట్టు మీద చుక్క పెట్టాను.