పటం విప్పేవాళ్ళేరీ?

చేర్యాలలో నకాషీ చిత్రకారులు గీసే పటం గోడకు తగిలించేందుకు పుట్టింది కాదు. అది కథ చెప్పేవాళ్ళ పనిముట్టు. 3 అడుగుల వెడల్పు, 40 అడుగులకు పైబడిన పొడవు. గుంజలకు కట్టి, ఒక్కో అడ్డవరస విప్పుకుంటూ రాత్రుళ్ళకు రాత్రుళ్ళు కథ నడిపేవారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెప్పాలి. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ, మాదిగలకు డక్కలివారు జాంబ పురాణం, గౌడులకు గౌడజెట్టీలు గౌడ పురాణం. ఎవరి మిరాశీ ఊళ్ళు వారివి. ఒకరి ఊళ్ళో ఇంకొకరు పటం విప్పడానికి వీల్లేదు.

ఈ కళ వయసెంతో ఎవరి లెక్క వారిది. హైదరాబాద్‌లోని జగదీశ్ అండ్ కమలా మిట్టల్ మ్యూజియంలో శతాబ్దాల నాటి తెలంగాణ పటాలున్నాయి. ఆ గీత చూశాక వయసు సంగతి ఎవరికి కావాలి!

ముందు బట్ట తయారు కావాలి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల జిగురు, బంకనీళ్ళు కలిపి మూడుసార్లు పూస్తారు. ఒక పూత ఆరితేనే మరొకటి. ఆ తర్వాతే అసలు విద్య. పెన్సిల్ లేదు, కొలబద్ద లేదు, చెరిపే మాట అసలే లేదు. ఉడుత వెంట్రుకల కుంచెతో తిన్నగా గుడ్డ మీదే బొమ్మ దించుతారు. నుదుటి దగ్గర మొదలైన గీత ముక్కు మీదుగా గడ్డం దాకా ఆగకుండా దిగుతుంది. చెయ్యి వణికిందా, ఆ ముఖం పోయినట్టే. పిమ్మట బొమ్మల చుట్టూ ఉన్న ఖాళీనంతా ఎరుపుతో నింపుతారు. దేవతలకు నీలం, పసుపు. రాక్షసులకు ముదురు ఛాయలు. చీరలు, నగలు అయ్యాక నల్లగీతతో అంచులు కట్టి, చివరికి కళ్ళు తెరిపిస్తారు. అప్పటిదాకా అది గుడ్డే. కళ్ళు పడ్డాక పూజ అందుకునే పటం. చినిగి పాతబడితే చెత్తలో పడెయ్యరు, ఏటిలో కలుపుతారు.

మార్కండేయ పురాణంలో పులినెక్కిన భావనారుషిని చూడండి. పులి చారలు, రుషి గడ్డం, పైన పూలతీగ అంచు ఒకే లయలో సాగుతాయి. గౌడ పురాణంలో తాటిచెట్టెక్కే మనిషి మోకు, ముత్తాదుతోనే ఉంటాడు. పురాణమైనా మనుషులు మాత్రం మన ఊరివాళ్ళే. అదీ నకాషీ గొప్ప!

ఈ విద్యను నిలబెట్టిన ఇళ్ళలో ధనాలకోటవారిది ముందువరస. జాతీయ పురస్కారం అందుకున్న ధనాలకోట వైకుంఠంను చిత్రకారుడు తోట వైకుంఠంతో కలగలిపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇద్దరూ గొప్పవాళ్ళే. కానీ ఒక పురాణం మొత్తాన్ని వరస తప్పకుండా గుడ్డ మీద పరిచే నేర్పు మొదటివారి ఇంటి సొత్తు.

సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, కథ వినే రాత్రుళ్ళు పోయాయి. పటం కావాలని చేర్యాలకు వచ్చే కథకులు తగ్గారు. నకాషీలు చిన్న ఫ్రేములు, కొబ్బరిచిప్ప ముఖాలు, తాళంచెవుల బిళ్ళలు చేసి పొట్టపోసుకుంటున్నారు. వాళ్ళను తప్పుపట్టే నోరు మనకెక్కడిది? కోపం రావాల్సింది వేరేచోట. ఎవరో గీసిన బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించి, సంచులకూ చీరలకూ అచ్చు కొట్టి, ‘చేర్యాల ఆర్ట్’ అని అమ్ముకునేవాళ్ళున్నారే, వాళ్ళ మీద! జీఐ గుర్తింపు కాగితం మీద భద్రంగా ఉంది, అచ్చులు అంగట్లో ఆడుతున్నాయి. కొనేవాళ్ళూ అంతే. గులాబీ బుగ్గలున్న బొమ్మ చాలు, అది ఏ కథలోదని అడిగేవాళ్ళు లేరు.

పటాన్ని మళ్ళీ విప్పించే దారి ఒకటుంది. హైదరాబాద్‌లో కోకాపేట, ఉప్పల్ భగాయత్‌లలో కులసంఘాల ఆత్మగౌరవ భవనాలకు ప్రభుత్వం స్థలాలిచ్చింది. తమ పుట్టుక కథను పటంగా గీయించుకున్న కులాలే వాటిలో ఎన్నో! అక్కడ ప్రారంభోత్సవ ఫ్లెక్సీలకు పెట్టే డబ్బులో కొంత తీసి, ఒక్కో భవనానికి ఒక్కో నిండు పటం చేర్యాలలో రాయించండి. ప్లాస్టిక్ పూలదండ వేసి గాజు వెనక బిగించవద్దు. కూనపులివారినో గౌడజెట్టీలనో కట్నమిచ్చి పిలిపించి, ఏటా ఒక రాత్రి విప్పించండి.