ఒక్క గెలుపు దూరంలో

1985 సెప్టెంబరు 21 రాత్రి లాస్ వెగాస్‌లో హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ లారీ హోమ్స్ రింగులోకి దిగేటప్పటికి 48 పోటీలు ఆడి 48 గెలిచాడు. ఆ రాత్రి కూడా గెలిస్తే రాకీ మార్సియానో 49-0 రికార్డుకు సమానమవుతాడు. సరిగ్గా ముప్పై ఏళ్ల కిందట అదే తేదీన మార్సియానో తన ఆఖరి పోటీ ఆడాడు. హోమ్స్‌కు ఎదురుగా నిలిచిన మైకేల్ స్పింక్స్ కింది తూకం నుంచి, లైట్ హెవీవెయిట్ నుంచి, ఒళ్లు పెంచుకుని వచ్చినవాడు. పదిహేను రౌండ్లయ్యాక ముగ్గురు జడ్జీలూ స్పింక్స్ వైపే మొగ్గారు. ఆ కోపంలో హోమ్స్ చనిపోయిన మార్సియానోను కించపరుస్తూ మాట్లాడాడు, తర్వాత క్షమాపణ చెప్పాడు. జనానికి మాత్రం ఆ మాటే గుర్తుండిపోయింది. ఆ చేతుల్లోని విద్య వెనక్కి పోయింది. అది నాకు ఇప్పటికీ బాధే.

ఆ విద్య పేరు జాబ్. ముందున్న చేత్తో, చాలామందికి ఎడమ చేత్తో, సూటిగా విసిరే గుద్దు. చూడ్డానికి చిన్నది. కానీ ఎదుటివాడు ఎంత దూరంలో ఉన్నాడో కొలిచేది అదే. అతను అడుగు వేయబోయే క్షణాన ఆపేదీ, కళ్లకు అడ్డుపడి వెనకాల వచ్చే కుడిచేతిని దాచేదీ అదే. వెళ్లినంత వేగంగా వెళ్లిన దారినే తిరిగి రాకపోతే ఆ ఖాళీలోంచి ఎదుటివాడి కుడిచేయి దూరుతుంది. చాలామంది జాబ్ పలకరింపులా ఉంటుంది. ఆరడుగుల మూడంగుళాల హోమ్స్‌ది తగిలిన చోట వాపు తెచ్చే దెబ్బ. ఆ పని అతను బడిలో నేర్చుకోలేదు. ఏడో తరగతితో చదువు ఆపేసి, పెన్సిల్వేనియాలోని ఈస్టన్ ఊళ్లో కార్లు కడిగి, మహమ్మద్ అలీకి సాధనలో జోడీగా నిలబడి దెబ్బలు తింటూ నేర్చుకున్నాడు. 1978 జూన్‌లో కెన్ నార్టన్‌తో కిరీటం కోసం తలపడేటప్పుడు ఆ ఎడమ చేతికే కండరం గాయం. అయినా దాన్నే నమ్ముకున్నాడు. పదిహేనో రౌండు ఎవరిదైతే కిరీటం వాళ్లదే అన్నంత దగ్గరగా సాగింది. ఇద్దరు జడ్జీలు ఒక్క పాయింటు తేడాతో హోమ్స్‌కు ఇచ్చారు, మూడో జడ్జి అదే ఒక్క పాయింటుతో నార్టన్‌కు ఇచ్చాడు.

మార్సియానో దీనికి పూర్తిగా తలకిందులు. మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్ చెప్పుల ఫ్యాక్టరీల ఊరు, తండ్రి అక్కడే కార్మికుడు. కొడుకు ఆరడుగులు కూడా లేడు. చేతులు చాపితే 68 అంగుళాలు, హోమ్స్‌కేమో 81. అంత పొట్టి చేతులతో దూరంగా నిలబడి జాబ్‌ల పోరు పెట్టుకుంటే ఓటమే. అందుకే గురువు చార్లీ గోల్డ్‌మన్ అతన్ని నిలువుగా నిలబెట్టలేదు, వంచాడు. మోకాళ్లు మడిచి, తల దించి, ఎదుటివాడి ఛాతీ కిందికి దూరి అక్కణ్ణుంచి పైకి కొట్టడం అలవాటు చేశాడు. మొహం అందకపోతే భుజాలు, మోచేతులు, ఏది దొరికితే అది. పది రౌండ్లు చేతుల మీద దెబ్బలు పడితే ఎంతటివాడికైనా మొహానికి అడ్డుపెట్టిన గార్డ్ కిందికి జారుతుంది. ఇందులో అందం లేదు, ఓపిక ఉంది. రోజూ మైళ్ల కొద్దీ పరుగెత్తి ఆ ఓపిక తెచ్చుకున్నాడు.

ఆ పద్ధతి విలువ తెలియాలంటే 1952 సెప్టెంబరు 23, ఫిలడెల్ఫియా రాత్రి చూడాలి. ఛాంపియన్ జెర్సీ జో వాల్కాట్ మొదటి రౌండులోనే మార్సియానోను పడగొట్టాడు. అంతవరకూ మార్సియానో ఎప్పుడూ కింద పడలేదు. పన్నెండు రౌండ్లయ్యేసరికి అన్ని స్కోరు కార్డుల్లోనూ వెనకబడ్డాడు. పదమూడో రౌండులో వాల్కాట్ తాళ్లకు ఆనుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి కుడిచేయి విసిరారు. మార్సియానోది చాలా దగ్గర్నుంచి, కొద్ది అంగుళాలే కదిలి, ముందుగా దవడకు తగిలింది. వాల్కాట్ తాడుకు ఒక చేయి తగిలించుకుని అలాగే జారి కూలబడ్డాడు.

మార్సియానో ముసలివాళ్లను ఓడించి పేరు తెచ్చుకున్నాడని ఒక వాదన ఉంది. జో లూయీ విషయంలో నేనూ ఒప్పుకుంటాను. 1951లో మార్సియానో చేతిలో ఓడినప్పుడు లూయీకి 37 ఏళ్లు, అతని ఆట అప్పటికే అయిపోయింది. కానీ వాల్కాట్ 38 ఏళ్ల వయసులోనూ ఛాంపియనే, ఆ రాత్రి అద్భుతంగా ఆడాడు. 1955లో ఓడిన ఆర్చీ మూర్ ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి లైట్ హెవీవెయిట్ ఛాంపియన్‌గానే ఉన్నాడు. 1958లో మాంట్రియల్‌లో నాలుగుసార్లు కిందపడి లేచి మరీ ఈవాన్ డ్యూరెల్‌ను నాకౌట్ చేశాడు. అలాంటివాణ్ణి అయిపోయిన మనిషి అనడం అన్యాయం.

హోమ్స్ మీద వాదన దీనికి ఎదురు తిరిగినది. అతని కాలంలో గట్టివాళ్లే లేరంటారు. అతను ఓడించినవాళ్లలో మైక్ వీవర్, టిమ్ విథర్‌స్పూన్, ట్రెవర్ బెర్బిక్, జేమ్స్ స్మిత్ నలుగురూ ఆ తర్వాత హెవీవెయిట్ బెల్టులు కట్టుకున్నారు. మార్సియానో గెలిచింది ఎక్కువగా పేరు వచ్చేసినవాళ్ల మీద, హోమ్స్ గెలిచింది పేరు రాబోయేవాళ్ల మీద. రాబోయే పేరుకు ఆ రోజున మార్కులు పడవు. ఒక మచ్చ మాత్రం ఉంది: అప్పట్లో కిరీటం రెండుమూడు సంస్థల మధ్య చీలిపోయింది, ఆ ముక్కల్ని హోమ్స్ ఒక్కచోటికి తేలేదు. మరో సంస్థ ఛాంపియన్ గెర్రీ కోట్జీతో తలపెట్టిన పోటీ కుదరనేలేదు.

ఓటమి గడిలోని సున్నా కోసం ఇద్దరూ అదృష్టానికి రుణపడినవాళ్లే. 1950లో రోలాండ్ లాస్టార్జాతో మార్సియానో పోటీ రౌండ్ల లెక్కలో తేలనే లేదు. అదనపు పాయింట్లు చూసి గెలుపు ఇచ్చారు. 1983లో విథర్‌స్పూన్, అప్పటికి పదిహేనే పోటీలు ఆడిన కుర్రాడు, హోమ్స్‌ను ఓడించాడని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ రెండు రాత్రులూ మరోలా తేలి ఉంటే ఈ పోలికే పుట్టేది కాదు. అందుకే నేను సున్నాను పక్కన పెట్టి చూస్తాను. ఆరుసార్లు కిరీటం కాపాడుకున్నవాడికంటే ఏడేళ్లపాటు ఇరవైసార్లు, రకరకాల ఆటగాళ్ల ముందు కాపాడుకున్నవాణ్ణి ఒక మెట్టు పైన నిలబెడతాను. ఎర్నీ షేవర్స్ 1979లో ఏడో రౌండులో కొట్టిన కుడిచేతి దెబ్బకు హోమ్స్ వెల్లకిలా పడ్డాడు. లేచాడు, పదకొండో రౌండులో అతన్నే ఓడించాడు.

ఇద్దరికీ కలిసిన చోటు ఒకటుంది. తాము ఆరాధించిన మనిషిని తామే కొట్టాల్సి వచ్చింది. లూయీని తాళ్ల మధ్యనుంచి పడగొట్టిన మార్సియానో ఆ రాత్రి ఏడ్చాడు. 1980 అక్టోబరులో 38 ఏళ్ల అలీని పది రౌండ్లు కొట్టిన హోమ్స్ కూడా ఏడ్చాడు. మధ్యలో ఆపమన్నట్టు రిఫరీ వైపు చూస్తూనే ఉన్నాడు.

మార్సియానో 32 ఏళ్లకే వదిలేశాడు, మళ్లీ రాలేదు. హోమ్స్ వదల్లేకపోయాడు. 1992 ఫిబ్రవరి 7న అట్లాంటిక్ సిటీలో, 42 ఏళ్ల వయసులో, ఒలింపిక్ స్వర్ణం గెలిచిన, అప్పటికి ఓటమి ఎరగని రే మెర్సర్ ముందు నిలబడ్డాడు. కాళ్లలో పరుగు లేదు. తాళ్లకు ఆనుకుని పన్నెండు రౌండ్లు ఆడాడు. మెర్సర్ ముందుకు వచ్చినప్పుడల్లా ఎడమచేయి వెళ్లి అతని మొహం మీద తగిలి వెనక్కి వచ్చేది. ముగ్గురు జడ్జీలూ హోమ్స్‌కే ఇచ్చారు.