సిగరెట్టుతో ఏకాగ్రత: లాభమా, అప్పు తీర్చడమా?

సిగరెట్టు తాగితే మెదడు చురుగ్గా పనిచేస్తుందనే మాట కొత్తది కాదు. పరీక్షల ముందు రాత్రిళ్ళు మేలుకొని చదివే హాస్టల్ విద్యార్థి మొదలు రాత్రంతా బండి నడిపే లారీ డ్రైవరు దాకా చాలామంది ఈ మాట చెబుతారు. వారు అబద్ధమాడుతున్నారని అనలేం. దమ్ము లాగిన కొద్దిసేపటికే మనసు కుదుటపడినట్లు వారికి నిజంగానే అనిపిస్తుంది. కొన్ని ప్రయోగాల ఫలితాలు కూడా ఈ మాటను బలపరిచినట్లే కనిపిస్తాయి. అయితే అనుభవం నిజమైనంత మాత్రాన దానికి చెప్పుకొనే కారణం కూడా నిజమై తీరాలని లేదు. అందుకే ఈ వాదన వెనుక ఉన్న సాక్ష్యం ఎంత గట్టిదో పరిశీలిద్దాం.

మారు తాళంచెవి

పొగాకు నుంచి నికోటిన్‌ను 1828లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పోసెల్ట్, రైమన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వేరుచేశారు. మొక్కకు ఇది కీటకాల నుంచి రక్షణ కల్పించే విషం. మన మెదడు మీద దీని ప్రభావానికి కారణం ఒక పోలిక. నాడీకణాలు ఒకదానికొకటి సందేశాలు పంపుకోవడానికి వాడే రసాయనాల్లో ఎసిటైల్‌కొలీన్ ఒకటి. నాడీకణం మీద దీనిని అందుకొనే ప్రత్యేకమైన ప్రొటీన్లు ఉంటాయి. వీటిని గ్రాహకాలు అంటారు. ఎసిటైల్‌కొలీన్ అసలు తాళంచెవి అనుకుంటే, ఈ గ్రాహకాల్లో ఒక రకానికి నికోటిన్ మారు తాళంచెవిలాగా సరిపోతుంది.

పొగతో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన నికోటిన్ సుమారు 10 నుంచి 20 సెకన్లలో మెదడును చేరుతుంది. మెలకువ, ధ్యాస వంటి వాటిలో ఎసిటైల్‌కొలీన్‌కు ముఖ్యమైన పాత్ర ఉంది. అందువల్ల నికోటిన్ ధ్యాస మీద ప్రభావం చూపడం వింతేమీ కాదు. అదే సమయంలో అది డోపమిన్ అనే మరో రసాయనం విడుదలను కూడా పెంచుతుంది. ఈ పని మళ్ళీ చెయ్యాలనే కోరికను మెదడులో నాటేది ఇదే.

కథ ఇక్కడితో ఆగితే సిగరెట్టును సమర్థించేవారి మాటే నెగ్గేది. కాని మెదడు ఊరికే కూర్చోదు. మారు తాళంచెవి పదేపదే తిరుగుతూ ఉంటే తాళం మొండికేస్తుంది. అంటే గ్రాహకాలు కొంతసేపు స్పందించడం మానేస్తాయి. రోజూ పొగతాగేవారి మెదడులో ఈ గ్రాహకాల సంఖ్య కూడా పెరుగుతుంది. లాస్ ఏంజెలిస్ పరిశోధకులు 2006లో ప్రచురించిన మెదడు చిత్రాల ప్రకారం, ఒకటి రెండు దమ్ములకే ముఖ్యమైన గ్రాహకాల్లో సగం నికోటిన్‌తో నిండిపోతాయి. సిగరెట్టు పూర్తిగా తాగితే 88 శాతానికి పైగా నిండుతాయి. రక్తంలోని నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి తగ్గుతుంది. రాత్రి నిద్రపోయి లేచేసరికి, పెరిగిన గ్రాహకాల్లో చాలా భాగం ఖాళీ అయి నికోటిన్ కోసం ఎదురు చూస్తుంటాయి. అప్పుడు కలిగే చిరాకు, అశాంతి, మనసు నిలవకపోవడం వ్యసనపరులకు బాగా తెలిసినవే.

పోలిక ఎవరితో?

ఇప్పుడు ప్రయోగాల సంగతి చూద్దాం. ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో వెస్నెస్, వార్‌బర్టన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక పరీక్షను విరివిగా వాడారు. తెర మీద నిమిషానికి 100 చొప్పున అంకెలు వస్తుంటాయి. వరుసగా మూడు బేసి అంకెలుగాని, మూడు సరి అంకెలుగాని వచ్చినప్పుడు మీట నొక్కాలి. చూడటానికి సులువైన పనే కాని, కొన్ని నిమిషాలు గడిస్తే ధ్యాస సడలి తప్పులు పెరుగుతాయి. నికోటిన్ తీసుకున్నవారిలో ఈ సడలింపు తక్కువగా కనిపించింది.

ఇక్కడే మనం ఒక ప్రశ్న వెయ్యాలి. ఎవరితో పోలిస్తే తక్కువ? ఇలాంటి ప్రయోగాల్లో చాలావాటిలో పాల్గొన్నవారు అప్పటికే వ్యసనపరులు. పరీక్షకు ముందు వారిని కొన్ని గంటలు, తరచుగా రాత్రంతా, సిగరెట్టుకు దూరంగా ఉంచుతారు. ఆ తర్వాత కొందరికి సిగరెట్టు ఇస్తారు, కొందరికి ఇవ్వరు. ఈ పద్ధతిలోని లోపం ఒక ఊహాత్మక ఉదాహరణతో తెలుస్తుంది. ఒక మనిషి వ్యసనంలో పడక ముందు ఈ పరీక్షలో 80 మార్కులు తెచ్చుకొనేవాడనుకుందాం. వ్యసనపరుడయ్యాక, రాత్రంతా సిగరెట్టు లేకుండా ఉంచి పరీక్షిస్తే అతనికి 65 వచ్చాయి. సిగరెట్టు ఇచ్చాక 79 వచ్చాయి. చివరి రెండు అంకెలే చూసినవారు సిగరెట్టు 14 మార్కులు పెంచిందని రాస్తారు. మొదటి అంకె కూడా చూసినవారికి అది పెంచిందేమీ లేదని తెలుస్తుంది. గోతిలో పడినవాడిని నేల మీదికి లాగితే అతను కొండ ఎక్కినట్లు కాదు. పైగా ఆ గోతిని తవ్వింది కూడా సిగరెట్టే.

హైష్‌మన్, టేలర్, హెనింగ్‌ఫీల్డ్ అనే శాస్త్రజ్ఞులు 1994లో ఈ ప్రయోగాలన్నిటినీ సమీక్షించారు. కనిపించిన మెరుగుదలలో ఎక్కువ భాగం, మానడం వల్ల దిగజారిన సామర్థ్యం తిరిగి పూర్వస్థితికి రావడమేనని వారు తేల్చారు. తాగనివారిలో గాని, సిగరెట్టుకు దూరంగా ఉంచని వ్యసనపరుల్లో గాని నిజమైన మెరుగుదల కొన్ని సాధారణ పనులకే పరిమితమైంది.

అవతలి పక్షానికీ న్యాయం

అయితే విమర్శ ఒకవైపే సాగితే అది శాస్త్రం కాదు. పొగతాగడాన్ని వ్యతిరేకించేవారు కొందరు నికోటిన్‌కు ధ్యాస మీద ఏ ప్రభావమూ లేదంటారు. అదీ సరికాదు. అదే హైష్‌మన్ తన సహచరులతో కలిసి 2010లో మరో విశ్లేషణ ప్రచురించాడు. ఈసారి 41 ప్రయోగాలను మాత్రమే ఎన్నుకున్నారు. వీటిలో ఎవరికి నికోటిన్ ఇచ్చారో, ఎవరికి ఉత్తుత్తి మందు ఇచ్చారో పరిశోధకులకూ తెలియదు, పాల్గొన్నవారికీ తెలియదు. నికోటిన్‌కు దూరంగా ఉంచడం వల్ల ఫలితం తారుమారు కాకుండా జాగ్రత్త పడ్డారు. అయినా వేళ్ళ కదలిక, అప్రమత్తత, స్వల్పకాలిక జ్ఞాపకం వంటి కొన్ని అంశాల్లో నికోటిన్ కొంత మేలు చేసినట్లు తేలింది. జ్ఞాపకశక్తి స్వల్పంగా తగ్గిన, పొగ తాగని 74 మంది వృద్ధుల మీద అమెరికాలో చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. ఆరు నెలలు నికోటిన్ పట్టీలు వాడినవారిలో ధ్యాస మెరుగైంది. వైద్యుల అంచనాలో మాత్రం వారి మొత్తం స్థితిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

ఈ ఫలితాలను ఒప్పుకుందాం. కాని ఇవి ఏం చెబుతున్నాయో, ఏం చెప్పడం లేదో విడదీసి చూడాలి. మొదటిది, ఇవి నికోటిన్‌కు సంబంధించినవి, సిగరెట్టుకు సంబంధించినవి కావు. సిగరెట్టు పొగలో తారు, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హీమోగ్లోబిన్‌ను అంటిపెట్టుకొని, మెదడుకు అందే ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. రెండవది, ప్రయోగశాలలో కొలిచింది కొద్ది నిమిషాల పని. మూడు గంటల గణితం పరీక్షకు, నెలల తరబడి సాగే చదువుకు అదే వర్తిస్తుందని ఎవరూ నిరూపించలేదు. మూడవది, ఆ కొద్దిపాటి మేలు ఎంతకాలం నిలుస్తుంది? రోజూ వాడితే మెదడు సర్దుకుపోతుందని పైన చూశాం. అప్పుడు మిగిలేది లాభం కాదు, రోజుకు పదిసార్లు తీర్చవలసిన అప్పు.

సంస్థల మాట, సంస్థల మనసు

ఈ చర్చలో సిగరెట్టు కంపెనీల పాత్రను మరువకూడదు. నికోటిన్ వ్యసనాన్ని కలిగిస్తుందని అమెరికా ప్రభుత్వ సర్జన్ జనరల్ నివేదిక 1988లో ప్రకటించింది. 1994 ఏప్రిల్‌లో ఏడు పెద్ద కంపెనీల అధిపతులు అమెరికా చట్టసభ సంఘం ముందు ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనకారి కాదని తాము నమ్ముతున్నామన్నారు. కాని తర్వాత బయటపడిన పత్రాల్లో, ఒక కంపెనీ న్యాయవాది 1963లోనే నికోటిన్ వ్యసనకారి అని, తాము అమ్మేది అదేనని రాసుకున్నట్లు తేలింది. పొగతాగడం వల్ల కలిగే ‘మేలు’ మీద జరిగిన పరిశోధనల్లో కొన్నిటికి డబ్బు ఇచ్చింది కూడా ఈ పరిశ్రమే. డబ్బు ఎవరిచ్చారన్న ఒక్క కారణంతో ఫలితాన్ని తోసిపుచ్చలేం. కాని ఏ ప్రశ్న అడిగారు, దేనితో పోల్చారు, దేనిని వదిలేశారు అని మరింత జాగ్రత్తగా చూడాలి.

లేత మెదడు

విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ధ్యాసను, నిర్ణయాలను అదుపు చేసే మెదడు ముందుభాగం సుమారు 25 ఏళ్ళ దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 2011లో ఎలుకల మీద చేసిన పరిశోధన ఫలితాలను ప్రచురించారు. కౌమారంలో నికోటిన్ ఇచ్చిన ఎలుకలకు, అది ఆపివేసి చాలాకాలం గడిచాక కూడా, పెద్దయ్యాక ధ్యాస తగ్గింది. మెదడు ముందుభాగంలోని నాడీసంధుల్లో మార్పులు కనిపించాయి. ఎలుక మనిషి కాదు కనుక ఈ ఫలితాన్ని నేరుగా మనకు అంటగట్టలేం. అయినా ఏకాగ్రత కోసమని మొదలుపెట్టిన పని ఏకాగ్రతనే దెబ్బతీయగలదన్న హెచ్చరిక ఇందులో ఉంది.

మన దేశంలో ఇది సిగరెట్టు ఒక్కదాని సమస్య కాదు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం 15 ఏళ్ళు, ఆ పైబడిన వారిలో 28.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగ తాగేవారు 10.7 శాతమైతే, నమిలేది, పీల్చేది వంటి పొగలేని పొగాకు వాడేవారు 21.4 శాతం. బీడీలో ఉన్నా, చుట్టలో ఉన్నా, ఖైనీలో ఉన్నా నికోటిన్ ఒకటే.

‘సిగరెట్టు లేకపోతే చదవలేకపోతున్నాను’ అనే విద్యార్థి మాటను ఇప్పుడు మరోసారి వినండి. అది సిగరెట్టు చేసే మేలుకు సాక్ష్యం కాదు, వ్యసనం పట్టుకు సాక్ష్యం. మానిన మొదటి కొద్ది రోజులు మనసు నిలవకపోవడం నిజమే. చాలామందిలో ఈ బాధ రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గిపోతుంది. పెరిగిన గ్రాహకాలు కూడా ఆరు నుంచి పన్నెండు వారాల్లో తాగనివారి స్థాయికి చేరతాయని 2009లో వెలువడిన మెదడు చిత్రాలు చూపాయి. సహాయం కావలసినవారికి 1800-11-2356 అనే ఉచిత ఫోను నంబరు ఉంది.

రేపు మరెవరో జ్ఞాపకశక్తిని పెంచే మాత్ర అనో, మేధస్సును పెంచే టానిక్కు అనో మీ ముందుకు వస్తారు. అప్పుడు కూడా అడగవలసిన ప్రశ్న ఇదే: పెరిగింది సరే, దేనితో పోలిస్తే?